నీకెక్కడ కావాలి అని అడిగిన సాహెబు

నా భర్త పోయాక ఆయన పనిచేసిన కార్ఖానా కేంటీనులో నాకు పని ఇచ్చారు. అప్పటికి నాకు అక్షరం రాదు, హిందీ కూడా అంతంత మాత్రమే. అక్కడ తెలుగు మాట్లాడే మనిషి ఒక్కర్తే ఉండేది. టెక్కలి వైపు మనిషి, నాకన్నా పెద్దది. మా వైపు అక్కని పిలిచినట్టు అప్పా అని పిలిచేదాన్ని. బర్మామైన్స్ బస్తీలో నా గదికి వెళితే పలకరించే దిక్కు లేదు. రోజు మొత్తంలో నా మాట వినేది ఆవిడే.

మమ్మల్ని ఒకచోట కూర్చోబెట్టింది అప్పటి మేనేజరు. ఆయన ఎవర్నీ ఏదీ అడిగేవాడు కాదు. నేను చేరిన రోజు గుమ్మంలోనే ఒకసారి చూసి, "దీన్ని ఆ తెలుగామె పక్కన కూర్చోబెట్టండి" అని హిందీలో కేకేసి వెళ్లిపోయాడు. ఆయన స్కూటరు చప్పుడు వినబడితే అప్ప, "వచ్చీసినాడే మన యముడు, పళ్లు దాసుకో" అనేది. ఇద్దరం నవ్వు ఆపుకుని బంగాళాదుంపలు చెక్కు తీసేవాళ్లం.

ఆయన తరవాత వచ్చినాయన మెత్తని మనిషి. పప్పులో ఉప్పు సంగతి కూడా వంటవాళ్లని అడిగి గాని తేల్చేవాడు కాదు. ఊరికి ఆ చివర బారిడీహ్‌లో కొత్త కేంటీను తెరిచినప్పుడు మాలో ఒకరు అక్కడికి వెళ్లాల్సి వచ్చింది. ఒక్కొక్కరినీ గదిలోకి పిలిచాడు. అప్ప తన మోకాళ్ల నొప్పి చెప్పుకుని బయటికొచ్చింది. నాకు కుర్చీ చూపించాడు. నేను కూర్చోలేదు.

"నీకెక్కడ కావాలి? మనసులో ఉన్నది చెప్పు" అన్నాడు.

అంతవరకు నన్నెవరూ ఆ మాట అడగలేదు. మా ఇళ్లలో పెద్దవాళ్లు అడిగితే మీ ఇష్టం అనాలి. మన మనసేమిటో చూసుకుని వాళ్లే చేస్తారు.

"ఆప్ కీ మర్జీ, సాబ్" అన్నాను.

ఆయన తేలికపడ్డాడు. నీకెక్కడైనా ఒకటే అన్నమాట, సోమవారం నుంచి బారిడీహ్ వెళ్లు అన్నాడు.

అప్ప తల బాదుకుంది. "అంత బాగా అడిగినాడు గదే! నోరు పడిపోనాదేటి?"

"మనిద్దరం ఒక్కకాడే కూకుంటామని ఆయనకి తెలవదేటప్పా?"

"తెలిత్తే అడగడమెందుకే, పిచ్చిదానా!"

మర్నాడు గుండె చిక్కబట్టుకుని మళ్లీ వెళ్లాను. ఆయన నొచ్చుకున్నాడు. నీ మాట మీదే మిగతావాళ్లకి ఇక్కడ ఉండమని చెప్పేశాను, ఇప్పుడు ఎవర్ని పొమ్మనను అన్నాడు. ఆయన మాటలో తప్పేమీ లేదు. సోమవారం బారిడీహ్ వెళ్లాను.

కొత్త కేంటీనులో వాళ్లు మంచివాళ్లే. టీ ఇచ్చేవారు, పండగకి మిఠాయి పెట్టేవారు. ఒకరోజు గంజి వారుస్తుంటే చేతి మీద ఒలికిపోయింది. "సెయ్యి కాలిపోనాదే, అప్పా!" అని అరిచాను. పక్కనామె పరిగెత్తుకొచ్చి, నా మాట అర్థంకాక, "క్యా బోలీ?" అంది.

చెయ్యి కొంగులో పెట్టుకుని, "కుఛ్ నహీ" అన్నాను.