బోర్లించి ఎండబెట్టిన తెప్ప

మా అనూరాధ వదిన కళింగపట్నానికి కాపురానికి వచ్చిన రోజు, ఆటోలోంచి దింపిన సామానులో మా అమ్మ కన్ను ముందుగా కంప్యూటర్ మీద పడింది.

"టీవీ మనింట్లో ఉన్నాది గదా, మళ్ళీ ఇదేటి?" అంది.

"ఇది టీవీ కాదత్తా. నా పని" అంది వదిన.

అమ్మ పేరు గురమ్మ. ఎండు చేపలు అమ్ముతుంది. చేతికి వాసన అంటని పనిని ఆమె పనిగా లెక్కపెట్టదు. అయినా ఆ పెట్టెను పెట్టుకోవడానికి కిటికీ దగ్గర చోటిచ్చింది. ఇంట్లో సిగ్నల్ అందేది సముద్రం వైపున్న ఆ కిటికీ దగ్గరే. వదిన నెట్ డాంగిల్‌ను పొడుగు వైరుతో కిటికీ ఊచకు వేలాడదీసింది.

వదినది ఆమదాలవలస. పెళ్ళికి ముందు శ్రీకాకుళంలో ఒకచోట కంప్యూటర్ మీద ఇళ్ళ ప్లాన్లు గీసేది. గీసిన ఇంటిని అన్ని వైపులా తిప్పి చూసేలా తయారు చేయడం అక్కడే నేర్చుకుంది. ఆ నేర్పుతోనే ఇంటర్నెట్‌లో ఒక లోకంలోకి వెళ్ళింది. అందులో మనకు ఒక మనిషి బొమ్మ ఉంటుంది. దానితో నడవవచ్చు, కూర్చోవచ్చు, ఎదురుపడిన వాళ్ళతో మాట్లాడవచ్చు. అక్కడి చెట్లూ కుర్చీలూ ఇళ్ళూ ఎవరో ఒకరు తమ ఇంట్లో కూర్చుని తయారుచేసి ఎక్కించినవే. వదిన అప్పటికే ఒక తిరగలి, ఒక ముక్కాలిపీట, ఒక చేపల బుట్ట ఎక్కించింది.

చేపల బుట్టను చూసి అమ్మ, "బుట్ట బాగున్నాది. సేపలేవే?" అంది.

"ఇంకా చెయ్యలేదత్తా."

"ఖాళీ బుట్టట్టుకుని ఆడది ఈదిలోకెల్తే బేరం అవదే. బేగి సేపలెయ్యి."

వదిన వారం రోజులు కూర్చుని పండుగప్పలు చేసి అందులో వేసింది. ఆమె స్వభావం అది. ఎవరు ఏం చెప్పినా నవ్వదు, విసుక్కోదు, ముందు చేసి చూస్తుంది. నేను ఎనిమిదో తరగతితో చదువు మానేసి ఇంట్లోనే ఉండేదాన్ని. చేపలు ఎండబెట్టే పని అయ్యాక ఆమె వెనక, గుమ్మం పక్కన కూర్చుని చూసేదాన్ని. నన్ను ఒక్కసారైనా లేచి వెళ్ళమనలేదు.

హుద్‌హుద్ తుఫాను తరవాతి ఏడాది వేసవిలో, ఆ లోకంలో కొందరు కలిసి ఒక రేవు కట్టారు. దేశదేశాల పడవలను అందులో పెట్టాలని వాళ్ళ ఆలోచన. వాళ్ళకు పెద్ద మరీనా అనే ఆవిడ. వదిన ఆవిడకు ఉత్తరం రాస్తే జవాబు వచ్చింది. ఒక్క పడవకే చోటు మిగిలి ఉంది, ఆదివారం ఉదయం వచ్చి తానే ఎక్కి చూస్తుంది, సరిగా తేలితే చోటు ఇస్తుంది, లేకపోతే కాచుకుని ఉన్న ఇంకొకరికి ఇచ్చేస్తుంది.

వదిన ఈ సంగతి అన్నాల దగ్గర చెప్పింది.

"ఏ పడవ ఎడతావు?" అడిగాడు మా అన్న వెంకీ. వాడు ఇంజను బిగించిన ఫైబర్ పడవ మీద వేటకు వెళ్తాడు. "మాదేనా?"

"కాదు. మావయ్య తెప్ప."

"ఓలమ్మో! ఇంజనున్న పడవొగ్గీసి ఆ దుంగలేటే?"

నాన్న పేరు గంగులు. ఆయన ఇప్పటికీ ఒడ్డుకు దగ్గరలో తెప్ప మీదే వల వేస్తాడు. ఆ పూట ఇంకో గరిటెడు చారు పోయించుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం వదిన టేపు, ఫోను పట్టుకుని ఒడ్డుకు బయలుదేరింది. టేపు రెండో కొస పట్టుకోవడానికి నన్ను తీసుకెళ్ళింది.

తెప్ప అంటే ఐదు దుంగలు, వాటిని కలిపే కొబ్బరితాడు. వేట నుంచి వచ్చాక కట్లు విప్పి దుంగలను విడివిడిగా ఇసుకలో ఎండబెడతారు. విప్పకపోతే కర్ర నీళ్ళు తాగి బరువెక్కుతుంది, కుళ్ళుతుంది. తడిసింది అడుగు భాగం కాబట్టి దుంగలను బోర్లించి పెడతారు. నీళ్ళలో ఉన్నప్పుడు పైకి లేచి ఉండే ముక్కు అప్పుడు ఇసుకలోకి వంగి ఉంటుంది. మేము వెళ్ళేసరికి నాన్న తెప్ప అలాగే బోర్లా పడుకుని ఉంది.

వదిన ప్రతి దుంగ పొడవు, మందం రాసుకుంది. ముక్కు ఎంత వంగిందో జానతో కొలిచింది. పగుళ్ళకు కూడా ఫొటోలు తీసింది. కొలతలు తలకిందులుగా రాస్తోందని నాకు అర్థమైంది. కానీ అంత చదువుకున్న మనిషి, ఇంటికెళ్ళాక తనే తిప్పుకుంటుందిలే అనుకున్నాను. అడగకుండా ఎవరికీ ఏమీ చెప్పే అలవాటు నాకు లేదు.

సోమవారం నుంచి బుధవారం దాకా దుంగలు చెక్కింది. బుధవారం ఎక్కించబోతే ఆ లోకం ఒప్పుకోలేదు. వదిన తాడులో ఒక్కొక్క పీచునూ విడిగా చెక్కింది. బొమ్మ అంత బరువైతే మోయలేమని ఎర్ర అక్షరాలు వచ్చాయి. పీచులన్నీ తీసేసి, నున్నటి తాడు చేసి, దాని మీద పీచుల ఫొటో అతికించింది. ఈసారి ఎక్కింది. తన బొమ్మను తెప్ప మీద కూర్చోబెడితే అది దుంగల్లోంచి జారి సముద్రంలో పడింది.

"కంటికి కనిపించే బొమ్మ ఒకటి, తాకితే తగిలే బొమ్మ ఇంకొకటి ఉండాలి. రెండోది పెట్టడం మర్చిపోయాను" అంది నాతో.

గురువారం తెప్ప తేలింది. వదిన మొదటిసారిగా నాన్నను కంప్యూటర్ దగ్గరికి పిలిచింది. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని, కుర్చీ వద్దని, నిలబడే చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఇది ఎక్కడికెల్తన్నాదమ్మా?"

"సముద్రంలోకే మావయ్యా."

"సముద్రంలోకా, సముద్రం అడక్కా? ముక్కు కిందకెట్టీసేవు. సేపల్ని ముద్దెట్టుకోడానికెల్తన్నట్టున్నాది."

వెనకనుంచి వెంకీ పగలబడి నవ్వాడు. వదిన నవ్వలేదు. ఫోను తీసి ఫొటోలు ఒక్కొక్కటీ చూసింది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "బోర్లించి ఉన్నాయా అవి?" అంది మెల్లగా.

"నాకు తెలుసు వదినా" అన్నాను. ఎందుకు నోరు తెరిచానో నాకే తెలియదు.

ఆమె నా వైపు తిరిగింది. "తెలిసి కూడా చెప్పలేదా?"

"నువ్వు తరవాత తిప్పుతావనుకున్నాను."

తిడుతుందనుకున్నాను. తన జడ ముందుకు వేసి చూపించింది. "ఇక మీదట తప్పు కనపడితే నోటితో చెప్పకపోయినా సరే. దీన్ని పట్టుకుని లాగు."

శుక్ర, శనివారాలు నాన్న వేటకు వెళ్ళలేదు. ఆమె పక్కనే పీట వేసుకుని కూర్చున్నాడు. వదిన దుంగలు తిప్పింది. నడిమి దుంగ పక్కవాటి కంటే కొంచెం కిందికి ఉండాలని నాన్న అరచేతులు పెట్టి చూపించాడు. తెప్ప నీళ్ళ మీద పొడిగా తేలుతుంటే ఒప్పుకోలేదు.

"కిందకి దించు. ఇంకా దించు. దుంగల సందుల్లోంచి నీళ్ళు పైకి రావాలి. మనిసి తడవాలి."

"చూసేవాళ్ళు మునిగిపోతోందనుకుంటారు మావయ్యా."

"అనుకోనీ. మునగదు గదా."

ఆమె దించింది. తరవాత ఆయన అడిగాడు, "విప్పడం ఎలగ?"

"అక్కర్లేదు మావయ్యా. అక్కడి కర్ర కుళ్ళదు. ఐదూ కలిపి ఒకే బొమ్మగా ఎక్కించాను."

"విప్పనిది తెప్పేటమ్మా? బల్ల."

వదిన ఆ ఒకే బొమ్మను చెరిపేసి ఐదు దుంగలనూ ఐదు బొమ్మలుగా, తాడును ఆరో బొమ్మగా విడిగా ఎక్కించింది. ఆ లోకంలోనే వాటిని కలపవచ్చు, విడదీయవచ్చు. శనివారం సగం పూట కరెంటు లేదు, అయినా పని ముగించింది.

ఆదివారం పొద్దున్న ఒకసారి తెప్ప కట్టి, సముద్రంలో తిప్పి, ఒడ్డుకు తెచ్చింది. "దిగేక ఇప్పీయాలి" అన్నాడు నాన్న. విప్పి, దుంగలను ఆ లోకపు ఇసుకలో బోర్లించింది. సరిగ్గా అప్పుడే, చెప్పిన సమయం కంటే అరగంట ముందే, మరీనా వచ్చింది. ఆవిడ బొమ్మకు ఎర్ర జుట్టు, పొడుగు గౌను. ఐదు దుంగల చుట్టూ తిరిగి ఏదో రాసింది. వదిన మాకు చదివి వినిపించింది.

"పడవ విరిగిపోయిందా అని అడుగుతోంది. తయారుగా లేకపోతే ఇప్పుడే చెప్పమంటోంది. ఇంకొకరికి ఇచ్చేస్తుందట."

వదిన క్షమించమని రాయబోయింది.

"రాతలేటికి? కట్టు" అన్నాడు నాన్న.

నడిమి దుంగ పెట్టింది. కుడి పక్కది పెట్టింది. తొందరలో మూడోది తీసి నడిమి దుంగకు ఎడమ పక్కన పెట్టబోయింది. అది ఎడమ చివరన ఉండాల్సిన దుంగ. నేను జడ పట్టుకుని లాగాను.

"అబ్బా!" అని, చూసుకుని, దాన్ని వదిలి సరైనది పెట్టింది. మిగతా రెండూ పెట్టి తాడు చుట్టింది. ఎర్ర జుట్టు మనిషి కదలకుండా నిలబడి చూస్తోంది. తెప్ప నీళ్ళలోకి దిగింది. ఆవిడ ఎక్కి కూర్చుంది. దుంగల సందుల్లోంచి నీళ్ళు వచ్చి ఆవిడ గౌను అంచు మీదుగా వెళ్ళాయి. రేవులోని పడవలన్నీ దాటి, తెప్ప చుట్టూ తిరిగి వచ్చింది.

"ఏటంటాది?" అంది అమ్మ, చేతిలో చేపల కత్తితోనే.

"కాళ్ళ మీదికి నీళ్ళొచ్చాయట. మునుగుతున్నాననుకుందట. మునగలేదట."

"మరి నాను సెప్పలేదా?" అన్నాడు నాన్న.

వదిన ఇంకేమీ రాయకుండా తెప్ప విప్పి, దుంగలను బోర్లించింది. మరీనా చివరిదాకా నిలబడి చూసింది. తరవాత, చోటు దక్కిన పడవకు రేవు గట్టున పెట్టవలసిన పేరు పలకను తెచ్చి ఇసుకలో, దుంగల పక్కన నాటింది. మిగతా దేశాల పడవలన్నీ రేవులో కట్టేసి ఉన్నాయి. మాది ఒక్కటే ఒడ్డున ఎండుతోంది.

వెంకీ వంగి చూసి, "ఇంజనెట్టే సోటు లేదు గానీ, బాగున్నాదే" అన్నాడు. అమ్మ మాత్రం ఆ ఎర్ర జుట్టావిడ ఇంత పొద్దున్నే వచ్చింది, ఏమైనా తిందో లేదో కనుక్కోమంది. వదిన నిజంగానే కనుక్కుంది. అక్కడ అప్పటికి రాత్రట, అన్నం తినేసిందట.

అప్పటినుంచి నాన్న వేటకు వెళ్ళేముందు టీ గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గర ఆగుతాడు.

"ఎండిందేటమ్మా?"

"ఎండింది మావయ్యా."

"అయితే ఓపాలి సముద్రంలోకి తియ్యి. ఊరికే ఇసకలో ఎట్టీకు" అని, తన తెప్ప కట్టుకోవడానికి ఒడ్డుకు వెళ్ళిపోతాడు.