చుక్కల పేరంటం

నోయిడాలో మేం దిగిన రోజు గురించి నాకు బాగా గుర్తున్నది కుళాయి. తిప్పగానే వేడినీళ్ళు వచ్చాయి. గీజరు వేసి ఉందేమోనని వెతికితే అసలు ఇంట్లో గీజరే లేదు. డాబా మీద ట్యాంకులో నీళ్ళు పొద్దున్నుంచీ కాగి అలా దిగుతున్నాయి. ఆ నీళ్ళతోనే మొహం కడుక్కుని, ఇంకా విప్పని అట్టపెట్టె మీద కూర్చున్నాను. చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నానట, మా ఆయన తర్వాతెప్పుడో చెప్పారు.

ఉద్యోగం కోసం ఢిల్లీ వెళుతున్నామని అందరికీ చెప్పాం. అబద్ధం కాదు. నోయిడా ఆఫీసుకి ఎవరు వెళతారని కంపెనీవాళ్ళు అడిగితే, హైదరాబాదు వదలడానికి ఎవరూ ముందుకు రాని చోట ఈయన చెయ్యెత్తారు. ఎందుకెత్తారో మా ఇద్దరికీ తెలుసు. ఆ మార్చిలో మాకు బాబు పుట్టాడు. పురిటిస్నానం కాకముందే పోయాడు. పేరు పెట్టలేదు. బారసాల కోసం తెచ్చిన ఉయ్యాలని నేను చూడకుండా ఎవరో తీసుకెళ్ళి వాళ్ళ అటక మీద పెట్టారు.

మా వైపు అంత పసివాళ్ళు పోతే పెద్ద తతంగం ఉండదు. దహనం చెయ్యరు, పూడ్చిపెడతారు. తల్లిని అక్కడికి రానివ్వరు. ఏడాది తిరిగాక తలుచుకోవడానికి తిథి కూడా పెట్టుకోరు. మా అత్తగారు తణుకు నుంచి వచ్చి నా దగ్గరే ఉండి, పథ్యం వండిపెట్టి, కంటికి రెప్పలా చూసుకున్నారు. ఆవిడ చెడ్డమనిషి కాదు. ఊరెళ్ళే ముందు నా తల దువ్వుతూ అన్నారు. "పిల్లలెంతమందని ఎవరన్నా అడిగితే ఇంకా లేరండీ అని చెప్పమ్మా. పేరన్నా పెట్టలేదు కదా. ఆ బిడ్డని లెక్కలోకి తీసుకోకూడదు. తీసుకుంటే మళ్ళీ కడుపు పండడం కష్టమంటారు."

నేను సరేనని తలూపాను. ఆ రోజుల్లో ఎవరేం చెప్పినా తలూపేదాన్ని.

తీరా వచ్చిపడింది ఎలాంటి ఊరికి? అక్కడ మనిషి కనబడితే ముందు పిల్లల గురించి అడుగుతారు, పేరు తర్వాత. లిఫ్టులో కలిసినావిడ అడిగింది. మదర్ డెయిరీ బూత్ దగ్గర వరసలో నా వెనక నిలబడ్డావిడ అడిగింది. గ్యాస్ సిలిండర్ తెచ్చినవాడు కూడా, ఇంట్లో ఇంత నిశ్శబ్దంగా ఉందేమిటి, బచ్చే స్కూల్లో ఉన్నారా అని అడిగాడు. అందరికీ ఒకటే జవాబు, లేరని, "నహీ హై". ఇంటర్లో రెండో భాషగా చదివిన హిందీ నాకు దేనికీ అక్కరకి వచ్చేది కాదు గాని ఆ రెండు ముక్కలూ తడుముకోకుండా వచ్చేవి. అదే నాకు భయం వేసేది. అలా చెప్పిన ప్రతిసారీ వాడు ఇంకొంచెం పుట్టనివాడైపోతున్నట్టు ఉండేది. ఇంకో ఏడాది ఇలాగే చెబితే నాకే నమ్మకం కుదిరిపోతుంది, అప్పుడు వాడికి ఈ లోకంలో ఎవరూ మిగలరు అనుకునేదాన్ని. అనుకుని, లేచి బియ్యం కడిగేదాన్ని.

ఆయనతో ఆ మాట ఎత్తలేదు. ఆయనా ఎత్తలేదు. పొద్దున్నే కింద ఆఫీసు కేబ్ హారన్ కొడితే బ్యాగు తగిలించుకుని వెళ్ళిపోయేవారు. సాయంత్రం వచ్చాక అన్నం, టీవీ, నిద్ర. మేం పోట్లాడుకోలేదు. పోట్లాడుకోవడానికి కూడా కాస్త ఓపిక కావాలి. నాకు ఆకలి తెలిసేది కాదు, ఎండ తెలిసేది కాదు. ఒకసారి వేడి పెనం చేత్తో పట్టుకుని, కమురు వాసన వచ్చాక వదిలేశాను.

ఇల్లు మాత్రం సర్దాను. ఏ డబ్బాలో ఏముందో కళ్ళు మూసుకుని చెప్పగలిగేంత పొందిగ్గా సర్దాను. కరివేపాకు దొరక్క, దొరికిన రోజు కొమ్మలు కొమ్మలు తెచ్చి ఎండబెట్టాను. తోపుడు బండివాడి దగ్గర టిండాలు కొని, వాటిని దొండకాయల్లాగా వండాలో వంకాయల్లాగా వండాలో తెలియక పులుసులో పడేశాను. ఆయన వంకపెట్టకుండా తిన్నారు. ఆయన తిన్నంత మాత్రాన అది బాగున్నట్టు కాదు.

మా పై అంతస్తులో ఆంటీ ఉండేది. మథుర వైపు మనిషి. కూరల బండి రాగానే తాడు కట్టిన ప్లాస్టిక్ బుట్టని కిందికి వదిలేది. అది మా బాల్కనీ ముందు నుంచి దిగేది, కాసేపటికి ముల్లంగి, పాలకూర, ఊరికే వచ్చిన కొత్తిమీర కట్ట వేసుకుని పైకి వెళ్ళేది. ఒకరోజు ఆ బుట్ట మా బాల్కనీ దగ్గరే ఆగిపోయింది. తాడు చిక్కుపడిందేమోనని వెళ్ళి చూస్తే లోపల స్టీలు గిన్నె, గిన్నెలో మన మజ్జిగపులుసు లాంటి కఢీ. తలెత్తి చూస్తే ఆంటీ పైనుంచి, "లే లో బేటా, గరమ్ హై" అంది, వేడిగా ఉంది తీసుకోమని. మర్నాడు ఆ గిన్నెలో పులిహోర పెట్టి, తాడు లాగి గంట కొట్టినట్టు ఊపాను. మా స్నేహం అలా మొదలైంది. చాలావరకు బుట్టలోనే సాగింది. మెట్లెక్కి వాళ్ళింటికి వెళ్ళాలని నాకు తోచలేదు. ఎవరింటికైనా వెళితే వాళ్ళ పిల్లలు ఉంటారు.

అక్టోబరులో ఆయన ఒకరోజు ఆఫీసు నుంచి చిన్న కవరు తెచ్చారు. లోపల పసిపిల్లల ఉన్ని టోపీ, పసుప్పచ్చది, చెవుల మీదికి దిగే రకం. "ఎవరో ఎవరికో ఇవ్వబోయి నాకిచ్చారు. అక్కడెక్కడన్నా పెట్టు" అన్నారు నా వైపు చూడకుండా. ఈ మనిషికి బుద్ధుందా అనుకున్నాను. చలికాలం కోసం కొన్న రజాయిల అడుగున, చెయ్యి అందనంత లోపలికి తోసేశాను.

ఆ నెలలోనే కర్వా చౌథ్ వచ్చింది. మా అపార్ట్‌మెంట్ల సొసైటీలో ఆడవాళ్ళంతా గోరింటాకు పెట్టుకుని, పగలంతా మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఉండి, జల్లెడలోంచి చంద్రుణ్ణి, ఆ వెనకే మొగుణ్ణి చూశారు. బాల్కనీలోంచి చూస్తూ, ఇది మన అట్లతద్దికి అక్కగారన్నమాట అనుకున్నాను. అట్లు లేవు, ఉయ్యాలలు లేవు, మిగతాదంతా అదే వరస. అర్థమైన విషయం ఒకటి కనబడినందుకు కాస్త తెరిపిగా కూడా అనిపించింది.

ఆ తర్వాత కొద్ది రోజులకే ఆంటీ బాల్కనీ అంచు మీదినుంచి వంగి, రేపు మళ్ళీ వ్రతం ఉందని, సాయంత్రం కథ వినడానికి రమ్మని పిలిచింది. "తారే దేఖ్ కే ఖోల్తే హై" అంది, ఉపవాసం చుక్కల్ని చూసి విడుస్తారని. దేనికోసం వ్రతమో ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. మొన్న చంద్రుడు, రేపు చుక్కలు. ఇక్కడి మొగుళ్ళకి ఒక్క ఉపవాసంతో ఆయుష్షు చాలదు కాబోలు అనుకుని సరేనన్నాను. ఎలాగూ బుట్టలో ఏదో పెట్టి పంపి తప్పించుకునే పిలుపు కాదది.

పేరంటానికి వెళ్ళినట్టే వెళ్ళాను. పట్టుచీర కట్టుకుని, పళ్ళెంలో పళ్ళూ తమలపాకులూ పెట్టుకుని. బాబు పోయాక నేను పేరంటానికి వెళ్ళడం అదే మొదలు. మా ఊళ్ళోనైతే ఎవరూ పిలిచేవాళ్ళు కూడా కాదేమో.

ఆంటీ వాళ్ళ హాల్లో గోడకి రంగుల బొమ్మ అంటించి ఉంది. మధ్యలో అమ్మవారు, చుట్టూ పిల్లలు, ఓ మూల ముళ్ళపంది, దాని వెనక దాని కూనలు. బొమ్మ ముందు నీళ్ళ చెంబు. ఏడెనిమిది మంది ఆడవాళ్ళు చాపల మీద కూర్చున్నారు. ఆంటీ అత్తగారు, అందరూ అమ్మాజీ అని పిలిచే ముసలావిడ, తలా గుప్పెడు గోధుమగింజలు చేతిలో పోసి కథ మొదలుపెట్టింది. గింజలు చేతిలో పడగానే నాకు ప్రాణం కుదుటపడింది. మనకి అక్షతలు, వీళ్ళకి గోధుమలు.

అమ్మాజీ నిదానంగా చెబుతోంది కనక కథ చాలావరకు అందింది. ఒకావిడ దీపావళికి ఇల్లు అలుక్కోవాలని మట్టి కోసం వెళ్ళింది. తవ్వుతుంటే గునపం తగిలి, బొరియలో ఉన్న ముళ్ళపంది కూన చచ్చిపోయింది. ఆవిడ కావాలని చెయ్యలేదు. కాని ఆ ఏడాది ఆవిడ కొడుకులు ఒక్కొక్కరే పోయారు.

అప్పుడు అర్థమైంది నాకు. గోడ మీది పిల్లలు ఎందుకున్నారో, నా పక్కనావిడ మెడలో ఎర్రదారానికి వెండి పూసలు ఎందుకున్నాయో. ఇది మొగుళ్ళ వ్రతం కాదు. తల్లులు పిల్లల కోసం చేసేది. ఆ హాల్లో ఉండకూడని మనిషిని నేనొక్కదాన్నే.

లేచి వెళ్ళిపోవాలనుకున్నాను. కాని కథ మధ్యలో లేవకూడదని, చేతిలో అక్షతలు నేలపాలు చెయ్యకూడదని చిన్నప్పటి నుంచీ మా అమ్మమ్మ బుర్రలోకి ఎక్కించింది. ఎంత దూరం వచ్చినా ఆ భయం పోదు. గుప్పెట బిగించి కూర్చున్నాను. కథలో ఆవిడ ముళ్ళపందిని క్షమించమని అడిగింది, కొడుకులు తిరిగొచ్చారు. కథల్లో వస్తారు.

తర్వాత అమ్మాజీ పూసల దండలు ముందేసుకుని, ఒక్కొక్కరినీ పిల్లలెంతమందని అడుగుతూ, అన్ని పూసలు సరిచూసి బొట్టు పెట్టి ఇస్తోంది. దో. ఏక్. తీన్. నా దగ్గరికి వచ్చేసరికి ఆంటీ నాకంటే ముందే అందుకుంది, నన్ను కాపాడుతున్నట్టు.

"ఇస్కే అభీ నహీ హై, అమ్మాజీ. కథ వింటే మంచిదని నేనే పిలిచాను."

ఇంకా లేరని, ఎన్ని నెలలుగానో నేను చెప్పుకుంటున్న జవాబు అది. ఇంకొకరి నోట వినేసరికి ఒళ్ళు మండింది. ఆ ఊరొచ్చాక నాకు తెలిసిన మొదటి వేడి అదే.

"ఏక్" అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు. "కహా హై?" అంది అమ్మాజీ, ఎక్కడున్నాడని.

"నహీ రహా" అన్నాను, పోయాడని.

ఎదురుగా కూర్చున్నావిడ తన కూతుర్ని ఒళ్ళోకి లాక్కుంది. చూశాను, తప్పుపట్టలేదు. ఆంటీ మొహం వైపు మాత్రం చూడలేకపోయాను. అన్ని కఢీ గిన్నెలు పంపిన మనిషికి నేనీ సంగతి చెప్పలేదు.

అమ్మాజీ చేతిలో దండ కింద పెట్టింది. "హువా థా నా?" అంది. పుట్టాడా లేదా అని. తలూపాను. "తో ఏక్." అంతే. డబ్బాలో వెతికి, ఓ ఎర్రదారానికి ఒక పూస ఎక్కించి, ముడేసి నా చేతిలో పెట్టి, పక్కావిడని అడగడానికి జరిగిపోయింది.

చీకటి పడ్డాక అందరం డాబా మీదికి వెళ్ళాం. నోయిడా ఆకాశంలో దుమ్ము తప్ప ఏం కనబడుతుంది? ఒకావిడ అదిగో అంటూ చెంబు ఎత్తి నీళ్ళు పొయ్యబోయింది. అది విమానం. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. చివరికి నీళ్ళట్యాంకు పక్కన ఒక చుక్క కనబడింది. ఆంటీ తన చెంబు నా చేతికిచ్చి, చెయ్యి కింద చెయ్యి పెట్టింది. నీళ్ళు పోస్తుంటే ఏడుపొచ్చింది. మార్చి తర్వాత మళ్ళీ ఏడవడం అప్పుడే.

కిందికి వచ్చేసరికి ఆయన వచ్చి బూట్లు విప్పుకుంటున్నారు. నా చీర చూసి, "ఏంటి, పండగా?" అన్నారు. అన్నం వడ్డిస్తూ చెప్పాను, వ్రతం సంగతి, కథ, పూస. "ఎంతమందని అడిగితే ఒకడని చెప్పానండి. అత్తయ్యగారికి చెప్పకండి."

ఆయన కంచంలో అన్నాన్ని ఓ పక్కకి జరిపారు. "నేను ఆఫీసులో మొదటిరోజే చెప్పాను" అన్నారు. "బాబు ఉన్నాడని. తర్వాత పోయాడని చెప్పలేకపోయాను. అప్పుడప్పుడు అడుగుతుంటారు, ఎలా ఉన్నాడని. ఇప్పుడు కూర్చుంటున్నాడని చెప్పాను. ఢిల్లీ చలికి జాగ్రత్త అని ఆ టోపీ వాళ్ళే ఇచ్చారు."

నేను లోపలికి వెళ్ళి, రజాయిలన్నీ కింద పడేసి టోపీ తీసుకొచ్చాను. పూసదారం అందులో పెట్టి బల్ల మీద ఉంచాను. ఆయన అన్నం కలుపుతూ దాన్నే చూస్తున్నారు.

"పాకడం ఎప్పుడు మొదలెడతారు?" అన్నారు.

"ఎనిమిదో నెలలో. కొందరు ఇంకాస్త ఆలస్యంగా" అని చెప్పి, పెరుగు వడ్డించాను.