బంకర్లో బూడిద డబ్బా

మధ్యాహ్నం రెండు గంటలకు పోస్టు చేరాను. కశ్మీర్లో సరిహద్దు గుట్ట, దేవదారు చెట్ల మధ్య ఒక బంకరు. రాతి గోడలు, దుంగల కప్పు, పైన రేకు. లోపల నాలుగు మంచాలు, మధ్యలో బుఖారీ, అంటే కట్టెలతో మండే ఇనుప పొయ్యి. బయట నడుము లోతు మంచు. ముక్కులోంచి కారింది మీసం మీదే గడ్డకట్టింది.

మేం నలుగురం. పోస్టుకు పెద్ద హవల్దార్. తర్వాత రేడియో ఆపరేటర్, వంటవాడు, నేను. హవల్దార్‌ను అందరం ఉస్తాద్ అనేవాళ్లం. ఏ ఊరని హిందీలో అడిగాడు. కామారెడ్డి జిల్లా, ఎల్లారెడ్డి అన్నాను. మంచం దిగి వచ్చి కౌగిలించుకున్నాడు.

"అరే, మనోడే! మాది మహారాష్ట్ర, మంజీర అవుతల. మా అక్కను మీ జిల్లా డోంగ్లిల ఇచ్చినం!"

ఆ రోజు నుంచి ఆయనకు నా పేరు ఎల్లారెడ్డి. మొదటి ఆర్డరు కాపలా గురించి కాదు.

"పాయఖానా కిందికుంది. తాడు పట్టుకొనే పోవాలె. తాడు ఇడిసినవంటే ఎండకాలం దాక దొరకవ్."

ఊళ్లో అందరూ తుపాకుల గురించి అడుగుతారు. ఈ సంగతి ఒక్కరూ అడగరు. అక్కడ సెప్టిక్ ట్యాంకు తవ్వడానికి లేదు, కింద బండ. పైపు వేస్తే అందులో నీళ్లు రాయవుతాయి. అందుకే వాలులో ఒక రేకుల గది, దానిదాకా ఒక తాడు.

మూడో వారంలో మంచు తుఫాను పట్టుకుంది. తెల్లవారుజామున తాడు పట్టుకుని వెళ్లిన ఉస్తాద్ తిరిగొస్తూ జారాడు. చీలమండ విరిగింది. ఇద్దరం మోసుకొచ్చాం. రేడియో ఆపరేటర్ కింది క్యాంపును పిలిచాడు.

"కాలు విరిగింది. హెలికాప్టర్ కావాలి. ఓవర్."

"మబ్బు విడిచేదాకా రాదు. కాలు కదలకుండా కట్టండి. నీళ్లు బాగా తాగించండి. ఓవర్."

చిక్కంతా ఆ నీళ్ల దగ్గరే వచ్చింది. తాగితే బయటికి పోవాలి. పోవాలంటే ఆ గాలిలో ఇద్దరు ఆయనను మోయాలి. తన వల్ల ఇంకొకరు జారితే ఎలాగని ఆయన మొదట పప్పు మానేశాడు. తర్వాత చాయ్, ఆ తర్వాత నీళ్లు. "దూపైతలేదురా" అనేవాడు. దూప అంటే దాహం. పెదవులు చూస్తే ఎండిన చెరువు మట్టిలా పగిలి ఉన్నాయి. అసలాయన చాయ్ పిచ్చోడు. అలాంటిది వంటవాడు చాయ్ ఇస్తే, ఆ గ్లాసుతో చేతులు కాచుకుని అలాగే తిరిగి ఇచ్చేసేవాడు.

మరునాడు రేడియోలో డాక్టర్ గొంతు వినిపించింది. "మూత్రం వస్తోందా? ఓవర్."

"రావడం లేదు. ఓవర్."

"ఇలాగే ఉంటే కిడ్నీలు పోతాయి. ఎట్లాగైనా తాగించండి. ఓవర్."

నాకు భయం వేసింది. కాల్పులప్పుడు కూడా అంత భయపడలేదు.

అప్పుడు అవ్వ గుర్తొచ్చింది. మా దగ్గర కన్నతల్లినే అవ్వ అంటాం. వాకిట్లో పసిపిల్లలు చేసినదాని మీద చేటెడు బూడిద పోసి ఎత్తేసేది. వాసన ఉండేది కాదు. మా బుఖారీ నిండా బూడిదే. ఖాళీ కిరోసిన్ డబ్బా పైభాగం కోశాను. సామాను వచ్చిన చెక్కపెట్టెకు గుండ్రంగా కంత చేసి దాని మీద బోర్లించాను. మూలకు కంబళి తెర కట్టాను. పోయిన ప్రతిసారీ రెండు దోసిళ్ల బూడిద చల్లాలి. అంతే పని.

ఉస్తాద్ మొహం తిప్పుకున్నాడు. "తినే కాడ, పండే కాడ పాయఖానానా? సిగ్గుండాలె."

"మేం ముగ్గురం గూడ గిండ్లనే పోతం ఉస్తాద్. సిగ్గు నలుగురం పంచుకుంటే తలా గింతే వస్తది."

ముందు మేం ముగ్గురం వెళ్లాం. ఆ తర్వాత నా భుజం మీద చెయ్యేసి ఆయన లేచాడు.

కానీ తెర వెనక పుట్టినప్పటి అలవాటే గెలిచింది. మగ్గెడు వేడి నీళ్లు అడిగి, కడుక్కుని, నీళ్లన్నీ డబ్బాలోకే వదిలాడు. బూడిద బురదైంది. పక్కనే పొయ్యి వేడి. కాసేపటికి వంటవాడు ముక్కు మూసుకుని తలుపు తీశాడు. మంచు లోపలికి కొట్టింది. "నేను చెప్పలేదా" అన్నట్టు చూసి ఉస్తాద్ గ్లాసు పక్కకు నెట్టేశాడు.

కాగితం ఇస్తే విసిరికొట్టాడు. మన ఒంటికి నీళ్లు తగలనిదే శుభ్రమైనట్టుండదు, ఆయన తప్పేముంది? తప్పు డబ్బాదే. కొత్త డబ్బా పెట్టి, పక్కనే ఇంకొకటి పెట్టాను. ఒకటి పోవడానికి, ఒకటి కడుక్కోవడానికి. పొద్దున్నే ఆ రెండింటినీ తాడు పట్టుకుని నేను కింది రేకుల గదికి దించేవాణ్ని. బంకర్లో మళ్లీ కట్టెల పొగ వాసనే మిగిలింది.

ఆ సాయంత్రం ఉస్తాద్ చాయ్ ఊదుకుంటూ అడుగుదాకా తాగాడు. తర్వాత మంచం మీంచి చెయ్యి చాచాడు, వేళ్ల మధ్య ఖాళీ స్టీలు గ్లాసు.

"ఎల్లారెడ్డీ, ఇంకిన్ని పోయ్ రా."

వంటవాడు కెటిల్ ఎత్తుతూ ఏడ్చేశాడు. నేనూ ఏడ్చాను, ఒప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు. మబ్బు విడిచాక హెలికాప్టర్ వచ్చింది. ఉస్తాద్ బతికాడు, కాలు కూడా దక్కింది.

సర్వీసు ముగించుకుని కామారెడ్డిలో రైలు దిగి, ఎల్లారెడ్డి బస్సెక్కి ఇల్లు చేరాను. మాది రెండు గదుల రేకుల ఇల్లు. ట్యాంకు తవ్వుదామని ఒకప్పుడు మిషన్ తెప్పిస్తే, కింద బండను గీకి వెళ్లిపోయింది. పాయఖానా వాకిలి దాటి దూరంగా ఉంటుంది. అప్పటికే అవ్వకు తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. సంచి దించకముందే నా భార్య చెప్పింది.

"అత్తమ్మ నీళ్లు తాగుతలేదు. ఎన్నిసార్లడిగినా దూపైతలేదంటది."

ఆ మాట నాకు తెలుసు. భుజాన సంచితోనే అవ్వ మంచం దగ్గర కూర్చున్నాను.

మరునాడే పని మొదలుపెట్టాను. మూతున్న ప్లాస్టిక్ బకెట్టు, దాని మీద చెక్కపెట్టె, రైస్‌మిల్లు నుంచి సంచెడు ఊక బూడిద. కడుక్కోవడానికి పక్కన వేరే తొట్టి, దాని పైపు పెరట్లోని కంకర గుంతలోకి. బకెట్టు నిండితే అందులోది బావికి దూరంగా పొలం గట్టున పాతిపెట్టి, ఏడాది దాకా ముట్టుకోకూడదు.

"దేవుని గూటికి ఎదురుంగ పాయఖానానా?" అవ్వ గయ్యిమంది. "మిలిటరీల మతి పోయిందార నీకు?"

"గది నీ బూడిదనే అవ్వా. గుట్ట మీద ఒక మనిషిని బతికిచ్చింది."

ఉస్తాద్ సంగతంతా చెప్పాను. అవ్వ దేవుని గూటి వైపు చూసింది. చివరికి, "గూటికి పరదా కట్టు" అంది.

మొదటి రోజు అవ్వ కూడా చెంబు నీళ్లన్నీ బకెట్టులోనే పోసింది. నేను ముక్కు మూసుకుని నవ్వుతుంటే, ఈయనకు నిజంగానే మతి పోయిందనుకుంది నా భార్య. బకెట్టు మార్చి, అవ్వ చెయ్యి పట్టుకుని తొట్టి చూపించాను.

తుపాకులు, మంచు, బూట్లు అన్నీ మసకబారాయి. ఉస్తాద్ చాచిన ఖాళీ గ్లాసు మాత్రం కళ్ల ముందునుంచి పోలేదు. ఆ సాయంత్రం కుండలో నీళ్లు ముంచి అవ్వకు చెంబు ఇచ్చాను. గటగటా తాగింది. మూతి తుడుచుకుని, ఖాళీ చెంబు నా వైపు చాచింది.

"దూపైతుంది బిడ్డా. ఇంకిన్ని పోయ్."