పెద్దమనిషి అయిన రోజు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పెద్దమనిషి అనే మాటకు రెండు అర్థాలుండేవి. ఊళ్లో తగువులు తీర్చే మగవాళ్లు పెద్దమనుషులు. ఈడుకొచ్చిన ఆడపిల్ల కూడా పెద్దమనిషే. మొదటివాళ్లకు కుర్చీ వేసేవారు, రెండోవాళ్లను మూల కూర్చోబెట్టేవారు. ఒకే మాటకు ఇంత తేడా ఏమిటని ఎవరికీ తోచినట్టు లేదు. తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

అప్పటికి చంపాపేట పల్లెటూరే. మా తాతయ్యకు భూములుండేవి, ఊళ్లో ఆయన మాటకు ఎదురులేదు. మా పెద్ద ఇంటి పక్కగదుల్లో కృష్ణా జిల్లా నుంచి వచ్చిన ఒక జంట కిరాయికి ఉండేది. ఆయన సర్కారు ఆఫీసులో గుమస్తా, ఆమె మా బడిలో పంతులమ్మ. మేమంతా టీచరమ్మ అనేవాళ్లం. అరవైతొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం రాజుకుని బళ్లు మూతపడ్డాక కూడా, ఆవిడ సాయంత్రాలు మా అరుగు మీద నాకు లెక్కలు చెప్పేది. నిండు నెలల మనిషి. తోడుకు తల్లిని తీసుకొస్తానని భర్త సొంతూరు వెళ్లాడు. ఇంతలో బస్సులు ఆగిపోయాయి. ఆవిడ ఒంటరిగా మిగిలిపోయింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే నేను పెద్దమనిషినయ్యాను. నన్ను చాప మీద కూర్చోబెట్టి నువ్వులూ బెల్లమూ తినిపించారు. తర్వాత ఒక మంచిరోజు చూసి పందిరి వేసి ఊరందరినీ భోజనానికి పిలిచారు. నాకు పట్టు లంగా ఓణీ కట్టి, మెడలో దండ వేశారు. ముత్తయిదువలు వరసగా వచ్చి అక్షింతలు వేశారు. నన్ను ఎత్తుకుని పెంచిన మా మేనత్త మాత్రం దూరంగా తలుపు చాటున నిలబడి చూసింది. ఆమెకు చిన్నతనంలోనే మొగుడు పోయాడు. శుభకార్యంలో ఆమె చెయ్యి నా మీద పడకూడదట.

పందిరి కింద భోంచేసిన పెద్దమనుషులు ఆకులు ఎత్తకముందే మాటల్లో పడ్డారు. ఆంధ్రావాళ్లను ఇంట్లో ఉంచుకుంటే ఊరికి మాట వస్తుందని ఒకాయన అన్నాడు. మర్నాడు పొద్దున్నే టీచరమ్మను బెజవాడ రోడ్డు దాకా, అంటే ఇప్పుడు ఎల్‌బీ నగర్ చౌరస్తా ఉన్నచోటికి తీసుకెళ్లి, ఏ లారీ దొరికితే ఆ లారీ ఎక్కించాలని తేల్చారు. కాలేజీలో చదువుతున్న మా అన్న కూడా వాళ్ల మధ్యే కూర్చున్నాడు. వాడికి ఏ పందిరీ వెయ్యలేదు, ఏ మూలా కూర్చోబెట్టలేదు. మీసం మొలిచింది కాబట్టి కుర్చీ దొరికింది.

ఇదంతా తలుపు చాటు నుంచి విన్న మా మేనత్త గబగబా వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ముట్టుకోకూడదని ఎవరో అరిచారు. ఆమె వినిపించుకోలేదు. దండతో సహా నన్ను మగవాళ్ల మధ్యకు నడిపించుకుపోయింది.

"జర జరుగుండ్రి. ఇంకో పెద్దమనిషి ఒచ్చింది."

అందరూ నవ్వారు. తాతయ్య మాత్రం నవ్వలేదు.

"చిన్నపిల్ల, దానికేం ఎరుక?" అన్నాడు.

"ఎరుక లేకుంటే పెద్దమనిషైందని ఊరంతటికి బువ్వెందుకు పెట్టినవ్ నాయినా? చెప్పు బిడ్డా, నీ మాటేంది?"

"టీచరమ్మకు నెలలు నిండినయి తాతా. లారీ ఎక్కిస్తే తొవ్వలనే కాన్పయితది. పంపకుండ్రి," అన్నాను.

అన్న లేచి నిలబడ్డాడు. వాడి కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నా దోస్తును పోలీసోళ్లు తుపాకితోని కాల్చిండ్రు. వాని మీద ఎవ్వరు జాలి పడ్డరు?"

"టీచరమ్మ కాల్చిందా?" అన్నాను.

వాడి దుఃఖం అబద్ధం కాదు, ఆ ఉద్యమమూ అబద్ధం కాదు. కానీ ఆ దుఃఖానికి ఒక చూలాలు ఎలా బాకీ పడిందో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాదు. తాతయ్య మమ్మల్ని లోపలికి పొమ్మన్నాడు. నా మాట గాలికి పోయింది.

ఆ మధ్యాహ్నమే టీచరమ్మకు నొప్పులు మొదలయ్యాయి. పక్కగదిలోంచి మూలుగు వినిపిస్తూనే ఉంది. మగవాళ్లు కదల్లేదు. ఆడవాళ్లు కదలడానికి భయపడ్డారు. మేనత్త దవాఖానకని రిక్షా పిలిపించి, టీచరమ్మను ఎక్కించి, "పా బిడ్డా," అంది నాతో. ఇవాళ పిల్ల గడప దాటితే దిష్టి తగులుతుందని అమ్మ అడ్డం వచ్చింది. "దిష్టి తాకితే తియ్యొచ్చు వదినా. పాణం పోతే తెస్తవా?" అంది మేనత్త. అమ్మ పక్కకు తప్పుకుంది.

దిల్‌సుఖ్‌నగర్, మూసారాంబాగ్ దాటి ఏటి వంతెన దగ్గరికి వచ్చేసరికి రోడ్డుకు అడ్డంగా రాళ్లు పేర్చి కుర్రవాళ్లు నిలబడ్డారు. "నా వల్ల మీకు ఆపదండీ, నన్నిక్కడే దించేయండి," అంది టీచరమ్మ. "మాట్లాడకు తల్లీ. నోరు తెరిస్తే నీ యాస పట్టుకుంటరు," అని మేనత్త ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. ఒకడు రిక్షాలోకి తొంగిచూసి, ఏ ఊరమ్మా అని ఆవిడనే అడిగాడు. ఆవిడ పెదవి కొరుక్కుంది.

నాలో ఏదో తెగింది. "మా వదిన! నొప్పులతోని సస్తుంటే ముచ్చట పెట్టుమంటవా? మీ ఇంట్ల ఆడోళ్లు లేరా?" అని గొంతు పగిలేలా అరిచాను. అంతకుముందు నేను పరాయి మగవాడితో తలెత్తి మాట్లాడి ఎరగను. సరిగ్గా అప్పుడే టీచరమ్మ అమ్మా అని కేక పెట్టింది. కుర్రవాళ్లు గబగబా రాళ్లు తీసేశారు. అడిగినవాడే రిక్షాను వెనక నుంచి తోస్తూ వంతెన దాటించాడు. పొద్దు గుంకక ముందే కాన్పుల దవాఖానలో ఆవిడకు ఆడపిల్ల పుట్టింది. బస్సులు తిరిగాక భర్త వచ్చి తల్లీబిడ్డలను తీసుకెళ్లాడు. వాళ్లు మళ్లీ రాలేదు.

తర్వాతి సంవత్సరాల్లో మా తాతయ్య, "ఆ గొడవలల్ల గూడ మా ఇంట్ల ఆంధ్రోళ్ల మీద ఈగ వాలనియ్యలే," అని ఊళ్లో చెప్పుకునేవాడు. పెద్దమనుషులు తలలూపేవారు. మా మేనత్త పేరు ఒక్కరూ ఎత్తలేదు. పైగా బళ్లు తెరిచాక, పెద్దమనిషైంది కదా, ఇంక బడెందుకని నన్ను మాన్పించబోయారు. నేను పోయి తాతయ్య ఎదుటి కుర్చీలో కూర్చున్నాను. బడికి పంపిస్తానన్నదాకా లేవలేదు. అన్న కూడా నా పక్కకొచ్చి నిలబడ్డాడు, అది వాడి మంచితనం.

పోయిన నెల ఎల్‌బీ నగర్‌లో ఒక ఫంక్షన్ హాల్లో మా బంధువుల పిల్ల ఓణీల వేడుక జరిగింది. పిల్లను పల్లకీలో తెచ్చారు, పొగ వదిలారు, నెత్తిన డ్రోన్ తిప్పారు. ఆ పక్క బల్ల దగ్గరే ఆమెను ఏ కోచింగ్ హాస్టల్లో పడెయ్యాలో తండ్రీ బాబాయిలూ తేల్చేస్తున్నారు. ఈ కాలంలో ఇవన్నీ అవసరమా అమ్మమ్మా అని మా మనవరాలు అడిగింది. అవసరమే అన్నాను. పిల్లలకు, మగపిల్లలకు కూడా, నువ్విక పెద్దయ్యావు అని నలుగురిలో చెప్పే రోజు ఒకటి ఉండాలి. కానీ ఆ రోజు వాళ్ల నోటి నుంచి ఒక మాట రానివ్వాలి. అది మనకు నచ్చకపోయినా వినాలి. వినే ఓపిక లేనివాళ్లు అక్షింతలు వెయ్యకుండా భోంచేసి వెళ్లిపోవచ్చు.

ఇది చెబుతూ నేను గొంతు పెంచానట, చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూశారట. ఈ వయసులో అంత కోపం మంచిది కాదని మా డాక్టరు కూడా అంటాడు. మందులు వేసుకుంటున్నాను గానీ, ఈ కోపాన్ని మాత్రం తగ్గించుకోను. ఇది మా మేనత్త నాకు పెట్టిపోయిన సొత్తు.