కొల్లేటి బురదలో పోలయ్య వాటా

కొల్లేరు గురించి నేను ఇంతవరకూ రాసిన ప్రతి దాంట్లోనూ పక్షులే ఉన్నాయని సరోజ గారు ఒకరోజు నిలదీశారు. "గూడబాతు ముక్కు ఎంత పొడుగో రాస్తారు గానీ, ఆ గట్ల మీద బతికేవాళ్ల గురించి ఒక్క ముక్కా రాయరేంటండీ?" అన్నారు. ఆవిడదీ మా తాడేపల్లిగూడెమే. మతి చెదిరి రోడ్ల మీద తిరిగేవాళ్లను చేరదీసి, వైద్యం చేయించి, తిరిగి అయినవాళ్ల మధ్యకు చేర్చే ఒక చిన్న ఆశ్రమంలో పనిచేస్తారు. మనిషిని ఇంటికి చేర్చినంత మాత్రాన ఊరు చేర్చుకున్నట్టు కాదట. అందుకని నెలకోసారి మందులు పట్టుకుని వెళ్లి, ఆ మనిషితోనూ చుట్టుపక్కల వాళ్లతోనూ మాట్లాడి వస్తారు. ఈ నెల వెళ్లాల్సింది మండవల్లి అవతల చేపల చెరువుల మధ్య ఉన్న యానాదుల పేటకి. యానాదులు ఈ నేల మీద ఆదివాసులు, నీళ్లలో చేపను చేత్తో తడిమి పట్టగలవాళ్లు. "వస్తారా మరి?" అన్నారావిడ. నాకు రోషం వచ్చింది. వస్తానన్నాను.

పొద్దున్నే గూడెంలో పాసింజరెక్కితే గంటకు కాస్త అటూ ఇటూగా ఏలూరులో దిగాం. స్టేషన్ నుంచి బస్టాండుకు ఆటో, బస్టాండు ఎదురుగా పెసరట్టు. పెసరట్టు బాగుంది, టీ మాత్రం పంచదార పానకం. అక్కడినుంచి కైకలూరు బస్సు. ఆడవాళ్లకు టికెట్టు లేదు కాబట్టి గుర్తింపు కార్డు చూపిస్తే సరిపోయింది. మగవాళ్లయితే ఏ యాభయ్యో అరవయ్యో పెట్టుకోవాలి. కుడిపక్క కిటికీ దొరికితే వదలకండి. ఊరు దాటాక వరిచేలు, ఆ తర్వాత చెరువులు, ఆపైన కొల్లేరు. రోడ్డుకు రెండు పక్కలా నీళ్లుంటే నాకు ఇప్పటికీ చిన్నపిల్లలా లేచి నిలబడాలనిపిస్తుంది.

సరోజ గారు నన్ను నిలబడనివ్వలేదు. కూర్చోబెట్టి పోలయ్య కథ చెప్పారు. నలభై ఏళ్ల మనిషి, పేటలో చేయి తిరిగిన వలగాడు. ఒక వానాకాలంలో అతనికి చెవిలో ఎవరో మాట్లాడుతున్నట్టు మొదలైంది. వలల్లో పాములు దూరాయని ఆ గొంతు చెప్పిందట. ఒక రాత్రి లేచి పేటలో ఉన్న వలలన్నీ కోసేసి, ఎటో వెళ్లిపోయాడు. చివరికి మా గూడెం స్టేషన్లో దొరికాడు. ఆశ్రమంలో మందులు పడ్డాక గొంతు ఆగింది, నిద్ర పట్టింది, చలికాలంలో ఇంటికి చేర్చారు. పేటలో అతన్ని ఎవరూ ఒక్క మాట అనలేదు. పనికి పిలవనూ లేదు. చేపల పట్టుబడి గుంపుగా చేసే పని. గుంపు పిలవకపోతే యానాదికి నీళ్లు లేనట్టే. ముందురోజు పోలయ్య ఫోన్ చేసి, మీతోపాటు సాయంత్రం ఆశ్రమానికి వచ్చేస్తానండీ, బట్టలు సర్దుకున్నాను అన్నాడట. "తీసుకురాకుండా ఉండలేనండీ, తీసుకొస్తే మాత్రం మళ్లీ ఇంటి మొహం చూడడు" అని ఆవిడ కిటికీలోంచి బయటికి చూశారు. అప్పటినుంచి నాకు కొల్లేరు కనబడలేదు.

కైకలూరులో ఆటో మాట్లాడాం, మూడొందలు. డ్రైవరు మస్తాన్ గారు మర్యాదస్తుడు. పేటకి అనగానే ఆశ్చర్యపోయారు. "అక్కడ చూడ్డానికేముందండీ? ఆటపాక తీసుకెళ్తానండీ, పిట్టలైనా ఉంటాయి" అన్నారు. సరోజ గారు నావైపు చూసి నవ్వారు. నేను ఎక్కి కూర్చున్నాను. మండవల్లి దాటాక తారురోడ్డు వదిలి చెరువుగట్టు మీదికి మళ్లాం. ఒకచోట గట్టు మరీ సన్నబడితే దిగి నడిచాం.

మేం వెళ్లేసరికి పేట పేటంతా ఒక చెరువులో ఉంది. చెరువు తాలూకు రైతు పెద్ద వలలతో చేపలు పట్టించుకుని నీళ్లు తోడేశాడు. అడుగున బురదలో మిగిలిపోయిన కొరమీనూ జెల్లా వీళ్లవి. గట్టు మీద ఒక్కడే మనిషి, పక్కన సంచీ. అతను పోలయ్య అని ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. బాగున్నావా అని సరోజ గారంటే, "ఆయ్, బాగున్నానండీ" అన్నాడు. సంచీ పక్కకు జరిపి, "తిట్టినా బాగుండేదండీ" అన్నాడు.

మొదట్లో సరోజ గారు ఇక్కడ చాప పరిచి అందర్నీ గుండ్రంగా కూర్చోబెట్టి మనసులో ఏముందో చెప్పమని అడిగేవారట. అందరూ బాగుందండీ అని టీ తాగి వెళ్లిపోయేవారట. చేతులు ఖాళీగా ఉంటే నోరు పెగలని మనుషులని అర్థమయ్యాక ఆవిడ చాప మానేసి చీర ఎగదోపి బురదలోకి దిగడం మొదలుపెట్టారు. ఆ రోజూ దిగారు. రోషం నాక్కూడా ఉంది కదా, వెనకే నేనూ దిగాను.

ముందు వరసలో ఉన్నావిడ అంకమ్మ, పోలయ్యకు మేనత్త, ఆ గుంపుకు పెద్ద. తలెత్తకుండా బురద తడుముతూనే సరోజ గారితో మాట్లాడుతోంది. "వలలు పోయినందుక్కాదండీ. మళ్లీ అల్లుకున్నాం. ఆ రేత్రి పడుకున్న పిల్లల్ని దాటుకుంటా ఎళ్లి కోసాడండీ. ఆళ్లకేవన్నా అయ్యుంటేనో? అదే నాకు కళ్లలోంచి పోటం లేదు" అంది. అది మందులు లేనప్పటి సంగతని సరోజ గారు మెల్లగా చెప్పారు. అంకమ్మ దొరికిన జెల్లను బుట్టలో వేసి మళ్లీ వంగింది. పిల్లల సంగతి విన్నాక నాకూ ఎవరి పక్షాన ఉండాలో తోచలేదు.

ఇంతలో నేను మోకాళ్లదాకా దిగబడిపోయాను. ఎంత లాగితే అంత లోపలికి పోతున్నాను. పేటంతా నవ్వింది, కానీ వాళ్లు తడుముకుంటూ ముందుకు సాగిపోయారు, దగ్గరలో ఎవరూ లేరు. గట్టు మీదినుంచి పోలయ్య దిగి వచ్చాడు. "లాగకండమ్మా. మడమ ముందెత్తండి, కాలేళ్లు తర్వాత" అని నా భుజం పట్టుకున్నాడు. కాలు ఊడొచ్చింది. నన్ను గట్టువైపు నిలబెట్టి, అతను వెనక్కి వెళ్లాల్సింది. వెళ్లలేదు. వంగి, నా కాలు వదిలిన గుంటలో చెయ్యి పెట్టాడు. మోచేయి దాకా పోయిన చెయ్యి మూరెడు కొరమీనుతో పైకి లేచింది. నవ్వులు ఆగిపోయాయి. అందరూ అంకమ్మ మొహం చూశారు. ఆవిడ మాత్రం తలెత్తలేదు. "గట్టు వారగా సూడు. అక్కడింకా ఉంటాయి" అంది.

మధ్యాహ్నం దాకా అతను బురదలోనే ఉన్నాడు.

పట్టినవన్నీ గట్టు మీద పోసి పోగులు పెట్టారు. బురదలో దిగిన ప్రతివాళ్లకూ ఒకటి, పెద్దదీ చిన్నదీ తేడా లేదు. పంపకంలో వాళ్లకో పద్ధతుంది. ఒకరు పోగులవైపు వీపు పెట్టి నిలబడాలి. ఇంకొకరు ఒక పోగు చూపించి ఇదెవరికి అంటే, చూడకుండా పేరు చెప్పాలి. అప్పుడు ఎవరికీ అనుమానం ఉండదు. అందరూ నమ్మే మనిషే అలా నిలబడతాడని సరోజ గారు నా చెవిలో చెప్పారు.

"పోలా, నువ్వు తిరుగు" అంది అంకమ్మ.

పోలయ్య తిరిగాడు. ఆవిడ అడుగుతోంది, అతను ఒక్కొక్కరి పేరే చెబుతున్నాడు. సరోజ గారి పేరూ చెప్పాడు. నా పేరు తెలియక "గూడెం అమ్మగారికి" అన్నాడు. నేను సిగ్గుపడుతూ చీర కొంగులో చేపలు పట్టుకున్నాను. చివరికి అంకమ్మ మళ్లీ ఇదెవరికి అంది.

"అందరూ అయిపోయారత్తా" అన్నాడు.

"ఇంకోటుందిరా. పేరు చెప్పు."

అతను వీపు తిప్పే నిలబడ్డాడు. అంకమ్మ తొందరపెట్టలేదు. సరోజ గారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. చివరికి ఎక్కడో దూరంగా ఉన్నవాడి పేరు పిలుస్తున్నట్టు, "పోలయ్యకి" అన్నాడు.

అంకమ్మ ఇంట్లో జెల్ల పులుసుతో అన్నం తిన్నాం. ఇంత రుచిగా నేను ఈ మధ్య తినలేదు. మూడు దాటాక మస్తాన్ గారికి ఫోన్ చేసి పిలిపించుకున్నాం. సాయంత్రం తిరుగు బస్సు మేమిద్దరమే ఎక్కాం. దారంతా సరోజ గారు కూనిరాగం తీస్తూనే ఉన్నారు. నేనూ ఆపమనలేదు.

మనసు బాగుచేయడమంటే మందులూ మాటలే అనుకునేదాన్ని. అవి కావాలి, అవి లేకపోతే పోలయ్య గట్టు దాకా కూడా వచ్చేవాడు కాదు. కానీ గట్టు దిగాక మిగతా పని పేటది. అంకమ్మ భయం ఆ ఒక్క పూటలో పోయిందని నేను అనుకోవడం లేదు. భయం ఉంచుకునే ఆవిడ అతన్ని పోగుల ముందు నిలబెట్టింది, అందుకే ఆవిడంటే నాకు ఇంత గౌరవం. ఇలాంటి పేటలకు మీరూ వెళ్లాలనుకుంటే ముందుగా అక్కడ పనిచేసేవాళ్లను అడిగి, వాళ్లతోనే వెళ్లండి. కెమెరా బదులు మార్చుకోవడానికి ఒక జత బట్టలు పెట్టుకోండి. ఆ రోజు ఆటో ఎక్కేముందు సరోజ గారు, మరి వస్తావా పోలయ్యా అని అడిగారు. అడగాలి కాబట్టి అడిగారు. అతను తల గోక్కుని, "రేపు పొద్దున్నే పక్క చెరువులో పట్టుబడి ఉందంటండీ. అత్త రమ్మంది" అన్నాడు.