ఊడిపోయిన స్టిక్కర్లు

గిర్మాజీపేటలో రామలింగం నడిపే చిన్న మందుల కార్ఖానాలో మొగిలమ్మ సీసాలకు చీటీలు అంటించేది. అక్కడ తయారయ్యేవి రెండే: దగ్గు మందు, నొప్పుల నూనె. రెండూ ఒకే రకం గోధుమరంగు సీసాల్లో వెళ్లేవి. ఏది ఏదో చెప్పేది చీటీ ఒక్కటే.

ఏళ్ల తరబడి ఆమె వట్టి కాగితం చీటీలకు మైదా జిగురు పూసి అంటించింది. వానాకాలంలో అవి ఓ పట్టాన ఆరేవి కావు, బూజు పట్టేవి. ఎనభై నాలుగులో రామలింగం హైదరాబాదు నుంచి స్టిక్కర్లు తెచ్చాడు. వెనకున్న నున్నటి కాగితం ఒలిచి సీసాకు నొక్కితే చాలు. పొద్దంతా పట్టే పని మధ్యాహ్నానికే ముగిసింది. ఒలిచిన కాగితాలు మాత్రం మొగిలమ్మ చుట్టూ కుప్పపడ్డాయి.

అయితే నూనె సీసాల మీద జిడ్డుకు స్టిక్కర్ల అంచులు లేస్తున్నాయి. ఆ మాట చెబితే, బొటనవేలితో గట్టిగా నొక్కి పంపమన్నాడు రామలింగం. దుకాణానికి సరుకు తీసుకెళ్లే నర్సంపేట బస్సుకు వేళయింది. ఆమె నొక్కింది. రెండు రకాలూ ఒకే పెట్టెలో సర్ది పంపింది.

మర్నాడు పొద్దున, మిగిలిన నూనె సీసాలను ఆమె చూస్తే, చాలావాటికి చీటీలు లేవు. 'పైపూతకు మాత్రమే' అని ఎర్రగా అచ్చేసిన స్టిక్కర్లు కింద రాలిపడి ఉన్నాయి. కర్పూరం దట్టించిన నూనె అది. తాగితే ప్రాణం మీదికి వస్తుంది.

"అన్నా, నర్సంపేటకు పోయినయి గూడ గిట్లనే ఊడితే?" అంది.

రామలింగం చెప్పులు తొడుక్కుని బస్టాండు వైపు నడిచాడు. ఆమె వెనకే పరుగెత్తింది. బస్సులో ఎవరు దగ్గినా ఆమె గుండె ఝల్లుమంది.

నర్సంపేటలో దుకాణదారు గట్టయ్య పెట్టె అప్పటికే విప్పాడు. పెట్టె అడుగున రాలిన స్టిక్కర్లు చూడకుండానే, చీటీ లేనివన్నీ దగ్గు మందే అనుకుని ఆ వరుసలోనే పెట్టాడు.

"ఎవలకన్న అమ్మినవా?" రామలింగం అడిగాడు.

"ఒక్కటే. జరసేపాయె. వెనక గల్లీల ముసలామె, బక్కమ్మకు."

వాళ్లు వెళ్లేసరికి బక్కమ్మ గోడకు ఒరిగి గొంతు పట్టుకుని ఉంది. పక్కన మూత తీసిన సీసా.

"ఎంత తాగినవ్ పెద్దమ్మా?" మొగిలమ్మ అడిగింది.

"ఒక్క గుక్క బిడ్డా. కడుపుల మండుతాంది."

రిక్షాలో ఎక్కించి దవాఖానాకు తీసుకుపోయారు. ఫిట్స్ రావచ్చు, కనిపెట్టుకుని ఉండమన్నాడు డాక్టరు. మొగిలమ్మ మంచం పక్కన కూర్చుని, ఆ ముసలి గుండె లేచి పడడాన్నే చూస్తూ ఉండిపోయింది. అది కాస్త ఆగినట్టనిపిస్తే తన ఊపిరీ ఆగిపోయేది. పొద్దుగూకే వేళకు బక్కమ్మ కళ్లు తెరిచి చాయ్ అడిగింది.

ఆ తర్వాత స్టిక్కర్లు దగ్గు మందుకే ఉంచారు. నూనెను ఆకుపచ్చ సీసాల్లోకి మార్చి, పాత చీటీలనే జిగురుతో అంటించారు. అయినా మొగిలమ్మకు బెదురు పోలేదు. పెట్టె మూసేముందు ప్రతి చీటీనీ గోటితో గీకి చూసేది. కొన్నిసార్లు మూసిన పెట్టెను కూడా మళ్లీ తెరిచేది.