ఎర్ర నాలిక

మా ఆయనకు దిష్టి భయం ఎక్కువ. ఆవుదూడ కాస్త నిగనిగలాడితే చాలు, మెడకు నల్లదారం కట్టేస్తాడు. పెళ్ళైన కొత్తలో నన్ను కూడా బుగ్గన చుక్క పెట్టుకోమని పోరేవాడు. "నన్ను సూసి కుళ్ళుకునేవాళ్ళు యాడుండారయ్యా!" అని నవ్వేదాన్ని. ఆ భయమే మా తోట ప్రాణం మీదికి తెస్తుందని కలలో కూడా అనుకోలేదు.

చిత్తూరు నుంచి మా ఊరికొచ్చే బస్సెక్కితే రోడ్డు పక్కనే కనబడేది మా తోట. అంతా బెంగళూరా మామిడి, గుజ్జు ఫ్యాక్టరీలకు పోయే కాయ. కాపు బాగున్న ఏడు ఫ్యాక్టరీ గేటు ముందర ట్రాక్టర్లు బారులు తీరేవి. కాయ ఎండకు మెత్తబడేదాకా అక్కడే పడిగాపులు. విసుగొచ్చి చుట్టుపక్కల వాళ్ళు చెట్లు కొట్టేసి ఆవులకు గడ్డి వేసుకున్నారు. మా ఆయనకు మాత్రం మనసొప్పలేదు. వాళ్ళ నాయన బిందెలతో నీళ్ళు మోసి బతికించిన చెట్లవి.

అప్పుడే ఒక ఫ్యాక్టరీ వాళ్ళు చెప్పారు, సేంద్రియ సర్టిఫికెట్ ఉన్న తోటల కాయను వరుసలో నిలబెట్టకుండా వేరుగా తీసుకుంటామని. కాకపోతే మూడేళ్ళు తోటలో పురుగుమందు చుక్క పడకూడదు. ఇద్దరం కూర్చుని మాట్లాడుకున్నాం. సర్టిఫికెట్ వస్తే చెట్లుంటాయి, రాకపోతే మేమూ కొట్టేసి గడ్డి వేస్తాం. అదీ మా ఒప్పందం.

ఆ మూడేళ్ళూ ఎట్లా గడిచాయో ఆ దేవుడికే తెలియాలి. తేనెమంచు పురుగు పూతంతా మాడ్చేసింది. పక్క తోటవాళ్ళు మందు కొట్టేసి కాలు మీద కాలేసుకుని కూర్చుంటే, మేము వేపనూనె పట్టుకుని చెట్టుచెట్టుకూ తిరిగాం. మొదటి ఏడు చేతికొచ్చిన కాయ ఊరగాయకే సరి. "రవ్వంత కొడదామా, ఎవురు సూడొచ్చినారు?" అని ఒకరోజు నేను నోరు జారాను. ఆయన చూసిన చూపుకు మళ్ళీ ఆ మాట ఎత్తితే ఒట్టు.

మూడో ఏడు మాత్రం కాసింది చూడండి, కొమ్మలు నేలకానాయి! బస్సులో పోయేవాళ్ళు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి మరీ చూసేవాళ్ళు. దారిన పోయే ఒకాయన ఆగి, "ఏం కాపప్పా ఇది! ఊరందరిదీ నీ తోటకే వచ్చినట్టుండాది" అన్నాడు. అతను అటు పోయాడో లేదో, మా ఆయన దిష్టిబొమ్మ పనిలో పడ్డాడు.

పక్క తోటవాళ్ళు వాడేసి కాలవలోకి విసిరిన పురుగుమందు డబ్బా ఒకటి ఆయన కంటబడింది. దాన్ని తెచ్చి కడిగి, సున్నం పూసి, మసితో కళ్ళూ మీసాలూ గీశాడు. అట్లాంటి డబ్బాల మీద విషమని తెలిసేందుకు ఒక ఎర్ర గుర్తు ఉంటుంది, మొన కిందికి తిరిగిన ముక్కోణం. అది సరిగ్గా మీసాల కిందికి వచ్చింది. దానికి మాత్రం సున్నం పూయలేదు.

"సూడు మే, నాలిక గీసే పనే లేదు" అన్నాడు సంబరంగా.

నిజంగానే నాలిక బయటపెట్టి వెక్కిరిస్తున్నట్టుంది. నాకు నవ్వాగలేదు. ఇద్దరం కలిసి దారి పక్క చెట్టుకు వేలాడదీశాం.

ఆ వారంలోనే సర్టిఫికెట్ కోసం తోట చూసిపోయేందుకు తిరుపతి నుంచి తనిఖీ ఆయన వచ్చాడు. నడివయసు మనిషి, మర్యాదస్తుడు. ఆకులు తిప్పి చూశాడు, ఎరువు గుంట చూశాడు, ఈగలను పట్టే బుట్టలు చూశాడు. "చాలా బాగా చేశారండి" అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. ఇక బయల్దేరబోతూ, దారి పక్క చెట్టు దగ్గర ఆగిపోయాడు. బొమ్మను చేత్తో తిప్పి ఆ నాలికనే చూశాడు.

"ఈ డబ్బా ఎక్కడిదండి?"

"పక్కోళ్ళు పారేసింది సార్. మేం మందు కొట్టుంటే మా కండ్లు పోనీ" అన్నాను నేను.

"మీరు కొట్టలేదనే నమ్ముతానమ్మా. కానీ ఇది తోటలోకి వచ్చింది కదా."

మా ఆయన ముందుకొచ్చాడు. "ఉత్త డబ్బా సార్. వాసన కూడా లేకుండా మూడు నీళ్ళు పోసి కడిగినాను."

"ఎక్కడ కడిగారు?"

"యాడికో పోయేదెందుకు సార్, మా బోరు తొట్లోనే."

ఆ తొట్టి నీళ్ళే చెట్లన్నిటికీ పారేది. తనిఖీ ఆయన తల వంచుకునే చెప్పాడు, ఇక మళ్ళీ మొదటి ఏడు నుంచే మొదలుపెట్టాలని. నేనిచ్చిన మజ్జిగ ముట్టుకోకుండానే వెళ్ళిపోయాడు.

ఆయన బండి మలుపు తిరిగిందో లేదో నేను అందుకున్నాను. "అయ్యో అయ్యో, నీ నోట్లో మన్ను పడ! కాలవలో కడిగినానని సెప్పుంటే ఏం పోయుండునయ్యా!"

"కడిగింది తొట్లో గదా మే" అన్నాడు.

అంతే. ఇంకేం అంటాను ఆ మనిషిని? కోపం ఎవరి మీద చూపాలో ఇప్పటికీ నాకు తెలియదు. విషం డబ్బా తొట్లో కడగకూడదన్న నియమంలో తప్పేముంది? మూడేళ్ళు చుక్క మందు కొట్టని మనిషి చేతులారా దాన్ని తెచ్చి కట్టుకున్నాడే అన్నదే నా ఏడుపు.

ఇంకో మూడేళ్ళు ఆగే ఓపిక మాకు లేకపోయింది. కాయను మామూలు వరుసలోనే నిలబడి అమ్ముకున్నాం. తర్వాత రంపం మిషన్లు వచ్చాయి. ఆ పొద్దు ఆయన ఉండలేక తిరుపతి కొండకు బస్సెక్కాడు. తోటలో నేనొక్కదాన్నే నిలబడి చూశాను.

గడ్డి బాగానే వచ్చింది. అబద్ధమెందుకు, నడుమెత్తు పెరిగింది. ఒక సాయంత్రం గట్టు మీద కూర్చున్నప్పుడు, ఆయన్ని కాస్త నవ్విద్దామని, "ఏమయ్యా, గడ్డికి దిష్టిబొమ్మ కట్టవా?" అన్నాను.

రోడ్డు మీద బస్సు పోయింది. కిటికీల్లోంచి ఒక్క తల కూడా ఇటు తిరగలేదు.

"దీన్ని ఎవురు సూస్తారు మే" అన్నాడు.